బక్కోడి కొత్త కాపురం

"చెప్పెయ్యి తల్లీ, మా బక్కోడు ఉన్నాడా, పోయాడా?" పెద్దమ్మ డాక్టరమ్మ బల్ల మీదికి సగం ఒరిగిపోయింది.

"ఉండండి పెద్దమ్మా, రక్తపరీక్ష కాగితం ఇంకా రాలేదు."

"మూడు నెలలుగా ఉగ్గబట్టుకునే ఉన్నాను. ఇంకెంత ఉండమంటావు?"

పక్క కుర్చీలో పంతులమ్మ నవ్వాపుకుంది. ఇరవై ఏళ్ళుగా రోజుకు నాలుగుసార్లు ఇన్సులిన్ పొడుచుకున్న మనిషి. బక్కోడు పోయిన రోజున వాడి క్లోమంలోంచి తీసిన కణాలనే ఆమె పొట్టలో పెట్టారు. అవి బతికుంటేనే ఆమెకు సూదుల చెర వదులుతుంది. పెద్దమ్మకు వాడు ఆ కాస్తయినా మిగులుతాడు. ఇంతకుముందు వేరేవాళ్ళకు పెట్టిన కణాలు రెండుసార్లూ వారం తిరక్కుండానే పోయాయి. ఒంట్లోని సైన్యం అలాంటిది మరి! కొత్త ముఖం కనబడితే ఊరూ పేరూ అడక్కుండానే నరికి పోగులు పెడుతుంది.

అందుకే డాక్టరమ్మ ఈసారి సముద్రపు నాచు జిగురుతో ఆవగింజంత గుళికలు చేసి, కణాలను వాటిలో దాచింది. చక్కెర లోపలికి పోతుంది, ఇన్సులిన్ బయటికొస్తుంది. సైనికుడు మాత్రం గోడ అవతల గోళ్ళు గిల్లుకుంటూ నిలబడాల్సిందే.

"వాడెలా ఉండేవాడు పెద్దమ్మా?" అని అడిగింది పంతులమ్మ.

"తోబుట్టువులందరిలోకీ నలుసు. పాలకెళితే మిగతావాళ్ళు తోసి పారేసేవాళ్ళు. నేనే సీసా పట్టాను. ఆ తర్వాత చూడాలి వాడి తిండి! నా అడుగుల చప్పుడు వింటే చాలు, తలుపు ఊడిపడేలా వచ్చి మీద పడేవాడు."

"అందుకేనా నాకీమధ్య ఇంత ఆకలి!"

"తిను తల్లీ, వాడి పేరు చెప్పుకొని తిను."

నర్సు కాగితం తెచ్చింది. డాక్టరమ్మ ఒకసారి చదివింది. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివింది. పెద్దమ్మ మెడ సాచి ఆ కాగితంలోకి తొంగిచూసింది.

"పెద్దమ్మా! మీవాడు లోపల దర్జాగా కాపురం చేస్తున్నాడు. ఒక్క సైనికుడూ గోడ దాటలేదు. పంతులమ్మగారూ, నాలుగు నుంచి తగ్గిస్తూ వస్తే మిగిలిన ఆ ఒక్క సూదీ రేపట్నుంచి అక్కర్లేదు."

పంతులమ్మ బావురుమంది. పెద్దమ్మ ఆమె పొట్ట మీద చెయ్యేసి, "ఒరేయ్ బక్కోడా, గెలిచావురా!" అని ఆసుపత్రి పైకప్పు లేచిపోయేలా అరిచింది.

సాయంత్రం పందుల కొట్టం తలుపు తీసి, ఆ కబురు వాడి తల్లి చెవిన వేసింది.