పింగాణీ బేకరీ

నాగేశ్వరి మేడమ్ హాల్లో ఖాళీ గాజు అల్మరాను చూసినప్పుడే ఉదయ్ భాస్కర్ దొంగతనానికి సిద్ధపడిపోయాడు.

ఆవిడ అతని బాస్ భీమేశ్వరరావు భార్య. ఎవరికి ప్రమోషన్ ఇవ్వాలన్నది బాస్ ఇంటికెళ్లి ఆవిడని అడిగాకే తేలుస్తాడని హైటెక్ సిటీలోని ఆ ఆఫీసులో అందరికీ తెలుసు. కొత్త సంవత్సరంలో ఖాళీ అయ్యే డైరెక్టర్ కుర్చీ కోసం ఉదయ్ భాస్కర్ ఎంతో కాలంగా బాస్ వేసే నవ్వురాని జోకులకు నవ్వుతున్నాడు. పాపం, దవడలు అరిగిపోయాయి.

"క్రిస్మస్‌కి బల్లమీద చిన్న ఊరు పేరుస్తారు చూడు బాబూ, లోపల దీపాలు వెలిగే పింగాణీ ఇళ్లతో. వాటికోసమే ఈ అల్మరా చేయించాను," అందావిడ. "అందులో బేకరీ ఒకటుంటుంది. నెత్తిన గడియారం, కిటికీలో రొట్టెలు. అదంటే నాకు ప్రాణం."

"మరి అల్మరా ఖాళీగా ఉందేంటి మేడమ్?"

"ఇంకా ఇంటికి రాలేదుగా," అని నిట్టూర్చింది.

ఎక్కడా దొరకలేదన్నమాట! ఉదయ్ భాస్కర్‌కి ఎగిరి గంతెయ్యాలనిపించింది. అచ్చం అలాంటి బేకరీ నార్సింగిలో తను ఉండే గేటెడ్ కమ్యూనిటీలోనే ఉంది. పక్క బ్లాకు జ్యోత్స్న ఏటా డిసెంబరులో క్లబ్‌హౌస్‌లో ఆ పింగాణీ ఊరు పేరుస్తుంది. ఆన్‌లైన్‌లో వెతికితే, ఆ బేకరీని తయారు చేయడం ఎప్పుడో మానేశారని తెలిసింది. దొరికినా కొనే మనిషి కాదనుకోండి, అది వేరే సంగతి.

కమ్యూనిటీ కమిటీలో కెమెరాల బాధ్యత అతనిదే. మర్నాడు మధ్యాహ్నం అందరూ ఆఫీసుల్లో ఉండగా, అప్‌డేట్ పేరు చెప్పి కెమెరాలు ఆపేశాడు. బేకరీని హడావిడిగా లాప్‌టాప్ బ్యాగులో కుక్కాడు. ఖాళీ కనపడకుండా పక్కనున్న పింగాణీ చర్చిని కాస్త ఇటు జరిపాడు. ఇంత తెలివి ఆఫీసులో చూపించి ఉంటే ప్రమోషన్ ఎప్పుడో వచ్చేది.

సాయంత్రం జ్యోత్స్న లబలబలాడింది. అందరికంటే ముందు పరిగెత్తుకొచ్చిందీ, వాచ్‌మన్ తిరుపతి మీద విరుచుకుపడిందీ ఉదయ్ భాస్కరే.

"గేటు దగ్గర కూర్చునేది నువ్వేగా! ఎవరికమ్మావు?"

"నేనెందుకు తీస్త సార్? గా బొమ్మ ఇల్లుతోని నాకేం పని?" తిరుపతి చేతులు జోడించాడు. "గీ నౌకరీ పోతే నా కిరాయి ఇల్లు గూడ పోతది సార్."

"ఉదయ్ గారూ, అతన్నేమీ అనకండి," జ్యోత్స్న కళ్లు తుడుచుకుంది. "నా భయం వేరే. అసలు అదిప్పుడు నాది కూడా..."

"మీలాంటి మెత్తని మనుషుల వల్లే ఇలా జరుగుతోంది," అని ఆమె మాట పూర్తికానివ్వలేదతను. రేపటినుంచి పనిలోకి రావద్దని కమిటీ తరఫున తిరుపతికి చెప్పేశాడు. ఆ రోజు అన్నం కూడా కడుపునిండా తిన్నాడు.

ఆదివారం బేకరీని బంగారు రంగు కాగితంలో చుట్టి బాస్ ఇంటికి తీసుకెళ్లాడు. కాగితం విప్పిన నాగేశ్వరి బేకరీని రెండు చేతులతో పైకెత్తి చూసింది. భీమేశ్వరరావు కూడా చేతిలోని పేపరు పక్కన పెట్టాడు. అప్పుడే డైరెక్టర్ కుర్చీలో వెనక్కి వాలినట్టే ఉంది ఉదయ్ భాస్కర్‌కి.

"ఎక్కడిది బాబూ ఇది?" అని అడిగిందావిడ.

"జర్మనీ నుంచి తెప్పించాను మేడమ్! మీకోసం ఎంతమందిని బతిమాలానో. పెట్టె నిన్ననే విప్పాను, ఇంకొకరి చెయ్యి కూడా తగల్లేదు."

ఆవిడ బేకరీని నెమ్మదిగా తిరగేసి అతని ముందు పెట్టింది. అడుగున ఎండిన పసుపు, దాని మధ్యలో కుంకుమ బొట్టు.

"జర్మనీ వాళ్లు బొట్టు కూడా పెట్టి పంపుతున్నారా?" అన్నాడు భీమేశ్వరరావు.

"ఆ బొట్టు నేను పెట్టిందేనండీ," అంది నాగేశ్వరి, ఉదయ్ భాస్కర్ మీదనుంచి చూపు తిప్పకుండా. "శూన్యమాసంలో కొత్త ఇల్లు గుమ్మం దాటి లోపలికి రాకూడదని, జ్యోత్స్న దగ్గర కొన్న ఊరినంతా నెల వెళ్లేదాకా వీళ్ల క్లబ్‌హౌస్‌లోనే ఉంచాను."