అలుగు మీద ఇసుక బస్తాలు

పొద్దుటి నుంచి ముసురు పట్టింది. కోసిన వరి పనలు మడిలో తడుస్తున్నా వాటిని ఎత్తకుండా, తవిటమ్మ కొడవలి పట్టుకుని చెరువు గట్టెక్కింది. గట్టు అడుగున ఆమె మడి పక్కనే బురదనీళ్లు ఊరుతున్నాయి. ఆ పక్కనే వాళ్ల వీధి.

కార్తీకమాసం పిక్నిక్‌లకు పడవలు బాగా తిరగాలని, ఆ చెరువులో బోటింగ్ నడిపే హరిబాబు, నిండిన నీళ్లు పొర్లిపోయే అలుగు నిండా ఇసుక బస్తాలు పేర్పించాడు. పైనుంచి వచ్చిన వాననీళ్లకు పోయే దారి లేదు.

తవిటమ్మ మొదటి బస్తా చీల్చింది.

హరిబాబు గొడుగుతో పరిగెత్తుకొచ్చాడు. "ఏటే, పిచ్చెక్కిందేటి? రేపు వనభోజనాలకి రెండు బస్సులొస్తన్నాయి!"

"గట్టు తెగితే నీ పడవలు మా వీధిలో తిప్పుతావేటి బాబూ?"

"తెగదు. నీ మడిలోకి ఊట దిగతందనే కదా ఈ ఏడుపంతా? పోలీసుల్ని పిలుస్తానుండు."

"పిలు. బస్తాలు శానా ఉన్నాయి, ఆళ్లనీ ఒక సెయ్యెయ్యమంటాను."

అతను కొడవలి లాక్కోబోయాడు. ఆమె కొడవలి దించకుండా అతని కళ్లలోకి చూసింది. అతను రెండడుగులు వెనక్కి వేశాడు. ఆమె మళ్లీ వంగి ఒక్కో బస్తానే చీల్చుకుంటూ పోయింది. చివరికి నీళ్లు హోరుమంటూ అలుగు దాటాయి.

గట్టు నిలిచింది.

అలుగు నీళ్లు ముందుగా పడేది తవిటమ్మ మడిలోనే. పనలన్నీ ఆమె కళ్లముందే మడి కింది వాగులోకి కొట్టుకుపోయాయి.

హరిబాబు మధ్యాహ్నమే చీపురుపల్లిలోని తన ఇంటికి వెళ్లిపోయాడు. తవిటమ్మ సాయంత్రం గట్టు అడుగున ఊట ఆగాక ఇంటికి వెళ్లింది.