పగలని డబ్బా

తెలంగాణ బంద్ రోజు లింగస్వామి గుంపుతో వచ్చి, ఎల్బీ నగర్‌లో హిమజ నడిపే ల్యాబ్ తలుపులు విరగ్గొట్టాడు. “ఆంధ్రోళ్ళది! ఒక్కటి మిగలొద్దు!” అని అరుస్తూ ఇనుప రాడ్డుతో అద్దాలు, పెట్టెలు, గాజు పళ్ళాలు పగలగొట్టాడు. అడ్డొచ్చిన హిమజ నుదురు చిట్లింది.

గుంపు వెళ్ళాక అతనొక్కడే ఆగి, జేబులోంచి ఫేస్‌క్రీము డబ్బా తీశాడు.

“గిది పలగకుండ నేనే దాచిన మేడం. మొన్న టెస్టుకిచ్చిన గదా. నా భార్యకు రెండుసార్లు కడుపు పోయింది. ఇప్పుడు మల్ల మూడో నెల. గీ క్రీముతోనేనా? రేపు చెప్తనన్నరు.”

హిమజ నెత్తురు తుడుచుకుంది.

“మేం కుందేళ్ళ మీద పరీక్షించం. గాజు పళ్ళెంలో గర్భసంచి కణాలు పెంచి, నీ క్రీము వాటికే పెట్టాం. రేపు చెప్పాల్సింది అవే.”

లింగస్వామి కిందికి చూసుకున్నాడు. పగిలిన పళ్ళాల్లోంచి కారిన ద్రవంతో చెప్పులు తడిగా ఉన్నాయి.