అతిథి రచయిత్రికి ఇరవై నిమిషాలు

"బ్యాగు తెరవండి మేడమ్."

వరూధిని వినిపించుకోనట్టు ముందుకు నడవబోయింది. సెక్యూరిటీ మనిషి చేయి అడ్డం పెట్టాడు.

"నేను మీ స్కూల్లో ఇవాళ జరిగే సాహిత్య ఉత్సవానికి వచ్చిన రచయిత్రిని. అదిగో, ఆ ఫ్లెక్సీలో నా ఫొటో ఉంది, చూడు."

"ఎవరికైనా రూల్ ఒకటే మేడమ్."

బ్యాగు తీసుకుని బల్ల మీద బోర్లించాడు. కళ్లజోడు పెట్టె, బీపీ మాత్రలు, చేతిరుమాలు, తను రాసిన పుస్తకాలు నాలుగు. అన్నీ ఒక్కొక్కటే తిప్పి చూశాడు. కార్లు దిగి వస్తున్న తల్లిదండ్రులు ఆగి మరీ చూస్తున్నారు. వరూధిని మొహం కందిపోయింది.

"నా మాట నమ్మకుండా బ్యాగు తిరగేస్తావా? నన్ను చూస్తే దొంగలా కనిపిస్తున్నానా?"

అతను "వెళ్లండి" అన్నట్టు చేయి ఊపాడు.

బెంగళూరు ట్రాఫిక్‌లో మహదేవపుర నుంచి వర్తూరు రావడానికే గంటన్నర పట్టింది. ఆ చిరాకుకి ఇదొకటి తోడైంది. లోపల మెట్ల దగ్గర తెలుగు టీచరు రంజిత ఎదురొచ్చింది.

"సారీ మేడమ్, చిన్న చేంజ్. ఆడిటోరియం హర్ష సార్‌కి ఇచ్చేశారు. ఆయన మ్యాజిక్ చేస్తూ కథ చెప్తారు కదా, పిల్లలు చాలా ఎక్సైట్ అయిపోయారు."

"పోనీ లైబ్రరీలో కూర్చుంటాను."

"అక్కడ డ్రాయింగ్ కాంపిటీషన్ పెట్టేశారు. మీకు డైనింగ్ హాల్. ఫుల్ ఏసీ మేడమ్!"

"గంటసేపు అన్నారు..."

"ట్వంటీ మినిట్స్. తర్వాత లంచ్ బెల్."

వరూధిని వెనక్కి వెళ్లిపోదామనుకుంది. కానీ వచ్చిందే ఆ ఒక్క కథ కోసం. ఇరవై రెండేళ్ల క్రితం రాసిన కథ. ఒక వారపత్రిక పోటీలో మొదటి బహుమతి తెచ్చిన కథ. ఇప్పుడు ఈ బడిలో తెలుగు చదివే ఏడో క్లాసు పిల్లలకు పాఠం. అందుకే పిలిచారు.

డైనింగ్ హాల్లో ముప్పై మంది పిల్లలున్నారు. మైకు గుర్రుగుర్రుమని ఆగిపోయింది. వంటింట్లోంచి సాంబారు వాసన, గిన్నెల చప్పుడు. ప్లాస్టిక్ టోపీలు, మాస్కులు పెట్టుకున్న ఆడవాళ్లు ప్లేట్లు సర్దుతున్నారు. వరూధిని గొంతు పెంచి చదవడం మొదలుపెట్టింది.

కథలో, ఇంట్లో పనిచేసే రత్తమ్మ యజమానురాలి ఉంగరం కాజేస్తుంది. బట్టల మూట విప్పించి వెతికినా దొరకదు. రత్తమ్మ పిల్లల మీద ఒట్లు పెడుతుంది, "అక్కా" అంటూ కాళ్లు పట్టుకుంటుంది. యజమానురాలి మనసు కరుగుతుంది. పోలీసులను పిలవదు. కొత్త చీర చేతిలో పెట్టి, "ఇక మా గడప తొక్కకు" అని పంపేస్తుంది.

ముగించేసరికి వెనక వరసలో ఇద్దరు నిద్రపోతున్నారు. ఒక కుర్రాడు చెయ్యెత్తాడు.

"మేడమ్, ఇది రియల్ స్టోరీనా?"

"అవును బాబూ. మా ఇంట్లోనే జరిగింది."

"మీ ఇంట్లో సీసీ కెమెరా లేదా?"

అందరూ గొల్లున నవ్వారు. "అప్పట్లో అవన్నీ ఎక్కడివి?" అంది వరూధిని, పళ్లు బిగబట్టి. ఇంకో పిల్ల లేచింది. "మేడమ్, మీకు ఇన్‌స్టాలో ఎంత మంది ఫాలోవర్స్?"

బెల్లు మోగింది. ముప్పై మందీ ఒక్కసారిగా ప్లేట్ల వైపు పరిగెత్తారు. పిల్లలను వరసలో నిలబెట్టడానికి రంజిత కూడా వెళ్లిపోయింది. శాలువా కప్పుతామన్న మాట ఎవరికీ గుర్తులేదు. వరూధిని పుస్తకాలు బ్యాగులో కుక్కుకుంటూ, 'ఇంకోసారి ఏ బడి గడపా తొక్కను' అనుకుంది.

"నీళ్లు తాగండమ్మా."

మాస్కు పెట్టుకున్న ఒకామె గ్లాసు అందించింది. రెండో చేతిలో బల్లలు తుడిచే గుడ్డ ఉంది. ఆ రోజు వరూధినికి అడగకుండా ఒకరు ఇచ్చింది ఆ గ్లాసు నీళ్లే.

"నువ్వు విన్నావా కథ?"

"ఇన్నానమ్మా. ముందే తెలుసు నాకి. నా సిన్న కూతురు ఈడే సదువుతాండాది. పనిచేసేవాళ్ల పిల్లోళ్లకి సీటిస్తారు గదా. పోయిన వారం ఈ పాఠం నాకి సదివి ఇనిపించింది."

వరూధిని కుర్చీ లాక్కుని కూర్చుంది. పొద్దుటి నుంచి మొదటిసారి ఆమె మనసు కొంచెం తేలికపడింది.

"ఏమంది మీ అమ్మాయి?"

"ఆ యమ్మ ఎంత మంచిదో సూడమ్మా, దొంగని గూడా పోలీసులకి పట్టియ్యలేదు, అనింది."

"చూశావా! పిల్లలకు చెప్పాలనుకున్నది అదే. ఇక్కడ ఒక్కళ్లకీ ఎక్కలేదు. నువ్వేమన్నావు?"

"నేనేమీ అనలేదమ్మా." ఆమె తుడిచిన బల్లనే మళ్లీ తుడిచింది. "ఒగ మాట అడగల్లని ఉండాది. రాసిందాన్ని మళ్లా మార్చేకి అయితాదా?"

వరూధినికి తగ్గిన చిరాకు మళ్లీ పైకొచ్చింది. ఆడిటోరియం మార్చారు, సమయం తగ్గించారు, ఇక మార్చడానికి కథే మిగిలింది.

"అచ్చయిపోయింది ఎలా మారుస్తారమ్మా? అయినా అందులో తప్పేముంది?"

ఆమె గుడ్డను బల్ల మీద పెట్టింది. తడి చేతులు ఏప్రన్‌కి తుడుచుకుని, మాస్కు కిందికి లాగింది.

"ఆ ఉంగరం నేను తియ్యలేదక్కా."