పక్కనుంచి వెలుతురు

"పైనుంచి వేస్తే వెలవెలబోతోంది! దించవయ్యా ఆ దీపం, ఇంకా దించు!"

తరిమెన యంత్రం మీద గుండ్రంగా చెక్కిన చెక్క కూజాను బల్ల మీద అటూ ఇటూ తిప్పుతూ వడ్రంగి చిరాకు పడ్డాడు. ప్రదర్శన తలుపులు తెరవడానికి ఇంకా పావుగంటే ఉంది.

ఎలక్ట్రీషియన్ ఏడోసారి నిచ్చెన దిగి, దీపాన్ని కూజా పక్కనే పెట్టాడు. నున్నటి చెక్క మీద సన్నటి గీతలు బయటపడ్డాయి.

"కొంప మునిగింది! ఎవరు గీశారివి?"

"గరుకు కాగితం గీతలు సార్. మీరు రుద్దినవే."

"నా చెయ్యి నాకు తెలీదా? నేను రుద్దితే గీతలు కుడికి వాలతాయి. ఇవి ఎడమకి..."

వడ్రంగి తల పక్కకి తిప్పాడు. బల్ల తుడుస్తున్న భార్య ఎడమచేతిలో గుడ్డ ఆగింది.

"మీరు విసుగొచ్చి మూలకి గిరాటేసిన కూజా ఇది," అందామె. "వారంపాటు నేనే రుద్ది మీ పూర్తయిన కూజాల్లో కలిపేశాను. 'నా చెయ్యి పడితే ఇంత నునుపు' అని మీరు మురిసిపోతుంటే ఊరుకున్నాను. దీపం పైకి పెట్టించండి, గీతలు కనబడవు."

ఎలక్ట్రీషియన్ మళ్లీ నిచ్చెన ఎక్కబోయాడు.

"దిగవయ్యా! నిన్ను ఎక్కమన్నానా?" వడ్రంగి కసురుకున్నాడు. కూజా ముందున్న తన పేరు చీటీ పీకి అతని చేతిలో పెట్టాడు. "ముందు ఇది మార్పించు. చేసినవాళ్ల పేర్లు సగమే రాసి ఏడ్చారు."