చేతివాసి

"ఇరవై రెండు దినాలాయె కదవ్వా. ఇంకా టిక్కుమనలేదే?"

కళ్యాణి గంప పక్కన మోకాళ్ల మీద కూర్చుని చెవి ఒగ్గింది. గంపలో నల్లపెట్ట రెక్కలు పరుచుకుని, ఎవరొచ్చినా పొడిచేస్తానన్నట్టు ఒంటికంటితో చూస్తోంది. దాని కింద పదమూడు గుడ్లు. లెక్క ప్రకారం నిన్నటికే పిల్లలు లోపలినుంచి పెంకు పొడవాలి.

"ఇంకొక దినం చూద్దాంలే పాపా" అంది సొన్నమ్మ, నూకలు చల్లుతూ తల తిప్పకుండానే.

ఆ ఒక్కరోజూ అయింది. సొన్నమ్మ పెట్టను లేపి, గుడ్లన్నీ కొంగులో వేసుకుని, పెరట్లో మునగచెట్టు కింద గుంట తీసి పూడ్చేసింది. ఒకటి పగలగొట్టి చూద్దామంది కళ్యాణి.

"మురిగిన గుడ్డు పగలగొడితే వీధంతా కంపు. సుమ్నె గమ్మునుండు" అని కసిరింది సొన్నమ్మ.

ఇలా కావడం ఇది రెండోసారి.

సర్జాపురలో సొన్నమ్మకు ఉన్నది చిన్న పెంకుటిల్లు, వెనక ఒక రేకుల గది, పెరట్లో డజను కోళ్లు. మొగుడు ఆవులప్ప పోయి తొమ్మిదేళ్లు. పిల్లలు లేరు. రేకుల గది రెండేళ్లు ఖాళీగా ఉన్నప్పుడు, సాయంత్రం కాగానే ఆమె అందులో లైటు వేసి వచ్చేది. ఎవరైనా అడిగితే పురుగూ పుట్రా చేరకుండా అనేది. నిజానికి ఆ కిటికీలో వెలుగు కనిపిస్తే తప్ప ఆమెకు అన్నం సయించేది కాదు. పోయిన ఏడు మదనపల్లె నుంచి నాగేంద్ర, కళ్యాణి ఆ గదిలో అద్దెకు దిగారు. పొద్దున్నే కోళ్లను వదిలేది కళ్యాణే, మాపటికి గూట్లోకి తోలేదీ కళ్యాణే. మధ్యలో అవ్వతో ఒకటే కబుర్లు. అన్నేళ్లూ కోళ్లతోనే మాట్లాడుతూ బతికిన సొన్నమ్మ, మనిషితో మాట్లాడటం మళ్లీ నేర్చుకుంది.

ఇంతలో నాగేంద్రకు చందాపుర ఫ్యాక్టరీలో పని దొరికింది. అక్కడే ఇల్లు కూడా చూశాడు. దానికి పెరడుందని తెలిసి కళ్యాణి ఎగిరి గంతేసింది.

"నాలుగు కోడిపిల్లలియ్యవ్వా. ఆడ నేనూ సాకుతా."

"ఇస్తా పాపా, పొదగేద్దాం. అయితే గుడ్లు పెట్టేది నీ చెయ్యే కావాల. పెట్టిన చెయ్యే పిల్లల్ని దించాల. నడుమ ఊరు దాటితే ఒక్కటీ దక్కదు. మా అత్త కాలం నుంచీ ఇంతే."

ఇరవై ఒక్క రోజులే కదా అనుకున్నారు మొగుడూ పెళ్లాలు. గంపలో ఊక పరిచి, ఉరుములకు గుడ్లు చెడకుండా ఇనుపముక్క, బొగ్గు, ఎండుమిరపకాయ వేసి, సొన్నమ్మ అందిస్తుంటే కళ్యాణి ఒక్కొక్క గుడ్డే ఎర్రపెట్ట కింద పెట్టింది. ఒక్కటీ పిల్ల కాలేదు. ఆ వారం ఉరిమింది కాబట్టి నేరం ఉరుముల మీదికి పోయింది. ఇప్పుడు నల్లపెట్టదీ అదే గతి. ఈసారి చినుకైనా పడలేదు.

పనినుంచి వచ్చిన నాగేంద్ర సంగతి విని అరుగు మీద కూలబడ్డాడు.

"దినామూ రెండు బస్సులు మారి పోయొస్తా ఉండానవ్వా. ఆ ఇంటాయన ఎన్నాళ్లని ఆపుతాడు? సంతలో పిల్లలు దొరకవా?"

"సంత పిల్లలు తెగులు తెస్తాయప్పా."

"అయితే రెండు పెద్ద పెట్టల్నే ఇయ్యి."

"ఈడ పెరిగిన కోడి ఆడ నిలస్తాదా? గూడు వెతుక్కుంటా రోడ్డున పడి ఏ లారీ కిందనో పోతాది."

"పోనీ, వేసిన వారానికి లోపల పిల్ల ఉందో లేదో గుడ్లకు టార్చి పెట్టయినా చూడాల్సింది."

"పొదిగే గుడ్డుకు లైటు చూపిస్తారా ఎవరైనా!"

నాగేంద్ర చేతులెత్తేశాడు. "ఆదివారం టెంపో మాట్లాడినా. సామాను కట్టు" అన్నాడు భార్యతో.

కళ్యాణి కదల్లేదు. ఖాళీ గంపనే చూస్తోంది.

"నీ పుంజు మంచిదే. నీ గుడ్లు ఊరంతా తీసుకపోయి పొదగేసుకుంటారు. పోయిన నెల అక్కయమ్మ ఇంట్లో పన్నెండుకు పన్నెండూ లేచినాయి. నా చెయ్యే మంచిది కాదేమో అవ్వా."

ఆ పిల్ల అంత మాట అనుకుంటుందని సొన్నమ్మ కలలో కూడా అనుకోలేదు. నోటిదాకా వచ్చినదాన్ని మింగేసి, కళ్యాణి చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

"అట్ల అనొద్దు పాపా. నీది బంగారు చెయ్యి."

"అయితే ఇంకొకసారి చూద్దాం. ఇట్లాంటి చేత్తో కొత్తింట్లో పొయ్యి ముట్టించేది నాకొద్దు" అంది కళ్యాణి కళ్లు తుడుచుకుంటూ.

నాగేంద్ర ఇద్దరినీ మార్చి మార్చి చూసి నిట్టూర్చాడు. "ఇదే ఆఖరు. లేచినా పోయేదే, లేవకున్నా పోయేదే."

అదృష్టానికి చుక్కలపెట్ట అప్పటికే పొదుగుకు కూర్చుని ఉంది. శుక్రవారం కళ్యాణి తలస్నానం చేసి, చేతులకు పసుపు రాసుకుని వచ్చింది. సొన్నమ్మ ఇంట్లోంచి చేటలో గుడ్లు తెచ్చింది. కళ్యాణి ఒక్కొక్కదాన్నీ కళ్లకద్దుకుని పెట్ట కింద పెడుతోంది.

"ఏమవ్వా, నా దిక్కు చూడవు?"

"గుడ్లు చూస్తా ఉండా పాపా."

"ఈసారి తప్పకుండా లేస్తాయి చూడు. నా మనసు చెప్తా ఉండాది."

సొన్నమ్మ పెట్ట వీపు నిమిరింది. "క్షమించు తల్లీ" అని గొణిగింది. మళ్లీ ఇరవై ఒక్క రోజులు తిండీ నిద్రా మానుకుని కూర్చోవాల్సింది అదే కదా అనుకుంది కళ్యాణి. లోపల నాగేంద్ర, కట్టిన గిన్నెల మూట విప్పుతున్న చప్పుడు వినిపించింది. సొన్నమ్మ ఆ చప్పుడు ఆగేదాకా వింటూ కూర్చుంది.

ఆ పదమూడు గుడ్లనూ ఆమె ఈసారి కూడా ముందే ఉడకబెట్టింది.