గొర్రెలు పడుకున్న పక్క

అది 1938. మొదట సంజీవిరాజు చేతిలో ఉన్నవి ఇవి: కొట్టు నిండా కొత్తరకం ఎరువుపొడి మూటలు, సత్రపట్టి దగ్గర పత్తిచేను, ఊరు నమ్మే మాట.

పొడి మదురై కంపెనీది. ఊరికే చెబితే రైతులు కొంటారా? అందుకని చేను తూర్పు సగానికి పొడి చల్లించి, పడమటి సగాన్ని వదిలేశాడు.

తూర్పున పత్తి నడుమెత్తు లేచింది. పడమట మోకాటి దగ్గరే ఆగింది.

రైతుల్ని పిలిచి గట్టు మీద నిలబెట్టాడు.

"కండ్లారా చూసుకోండి. ఇంక నేను చెప్పేదేముండాది?"

గుంపులోంచి గొడుగు పట్టుకున్న కొత్త మనిషి ఒకడు ముందుకొచ్చాడు.

"పోయిన ఎండల్లో ఈ చేన్లో గొర్రెలమంద కట్టినారా?"

"కట్టకుండా ఎవరుంటారయ్యా?"

పెంట ఎరువు కోసం రాత్రుళ్ళు చేలో గొర్రెల్ని పడుకోబెట్టడం ఏటా ఉండేదే. దాన్నెవరు లెక్కలో పట్టుకుంటారు?

"ఏ పక్క కట్టినారు?"

సంజీవిరాజుకు గుర్తులేదు. మందకాపరి చెల్లయ్యకు ఉంది.

"తూర్పునే సామీ. బావి ఆడ ఉండాది కదా."

"అట్లయితే పత్తిని పెంచింది పొడా, గొర్రెలా?"

రైతులు గొల్లున నవ్వారు. సంజీవిరాజు మొహం ఎర్రబడింది.

"ఎదురు కొట్టువాడు పంపినాడా నిన్ను?"

"ఎవరూ పంపలేదు. ఈసారి చేనంతా మంద కట్టించండి. పొడి ఏ పక్కకో మీరు ఎంచొద్దు, చీటీ వేయండి. అప్పుడు తెలుస్తాది. అందాక అమ్మొద్దు. మూటలు తిప్పి పంపితే కంపెనీలో తీసుకుంటారు."

"తీసుకుంటారా? అదేమన్నా మీ తాత కంపెనీనా?"

ఈసారి నవ్వు కొత్త మనిషి మీదికి తిరిగింది. అతనూ కాస్త నవ్వి, గట్టు దిగి బస్సు దారి పట్టాడు.

మూటలు అమ్ముడుపోయాయి. సంజీవిరాజు ఇంకా తెప్పించాడు.

మరుసటి పంటకు తళవాయిపురం రైతు గోవింద కొట్టు గుమ్మంలోనే నిలబడ్డాడు.

"పొడి వేసిన చోటా, వేయని చోటా ఒకటే ఎత్తు మామా! నీ మాట నమ్మి వేసినాము."

పొడా, గొర్రెలా? ఆ ప్రశ్న సంజీవిరాజును కుదురుగా ఉండనివ్వలేదు. ఎండాకాలం రాగానే చేనంతా మంద కట్టించాడు. భార్య రుక్మణి చేత చీటీ తీయించాడు.

"పడమర," అంది రుక్మణి.

"తూర్పు వచ్చి ఉండకూడదా?"

"అందుకే కదా నన్ను తీయమన్నావు!"

పత్తి ఎదిగింది. గట్టు మీద నిలబడి ఎటు తిరిగి చూసినా రెండు సగాలూ ఒక్కటే ఎత్తు.

మిగిలిన మూటలు బండికెత్తించి మదురై వెళ్ళాడు. కంపెనీకి తాళం.

"మూసేసి ఏడాదయింది," అంది పక్క కాఫీకొట్టు ధనం. "పొడిలో పస లేదని, మూటలు తెచ్చినోళ్ళకంతా డబ్బు వెనక్కిచ్చి మూసినారు. మీరు అప్పుడే వచ్చి ఉండకూడదా?"

సంజీవిరాజు లెక్క చూసుకున్నాడు. ఊరి నమ్మకం పోయింది, మూటలు మిగిలాయి. వచ్చిందల్లా నిజం తేల్చుకునే ఒక దారి. అది చూపించినవాడి పేరైనా అడిగి ఉండవలసింది.

"పస లేదని ఎవరు చెప్పినారమ్మా?"

"ఎవరు చెప్తారు? అందరూ బాగుంది బాగుందనే అంటే నమ్మకం చాలక, పొడి చేసిన ముదలాళే, ఈ కంపెనీ యజమానే, గొడుగు పట్టుకుని, గొర్రెలు ఏ పక్క పడుకున్నాయని ఊరూరూ అడిగి వచ్చినారు."